కెమెరాలో కూతురు

ఐర్లండ్‌లోని బోమాంట్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి బాలశౌరి తాత కూతురిని ఫోన్‌లోనే చూస్తున్నాడు. నర్సు అయిన ఫెబి, ఆయనకు కరోనా అంటిస్తానేమోనన్న భయంతో వేరేచోట గది తీసుకుని ఉంటూ, సాయంత్రం వచ్చి ఆయన గుమ్మం బయట పెట్టిన క్యారేజీ తీసుకెళ్తుంది. తాత తలుపు తీయకుండా, గుమ్మం మీది కెమెరాలో ఆమెను కళ్లారా చూసుకుంటాడు. వారంగా ఆ బొమ్మ మసగ్గా వస్తోంది. కళ్లద్దాలు తుడిచాడు, వైఫై డబ్బా ఆపి మళ్లీ వేశాడు, చివరికి ఐర్లండ్ వానను తిట్టాడు.

"మొహం ఆనట్లేదమ్మా. చిక్కావో ఏమో," అన్నాడు ఫోన్‌లో.

ఫెబి కెమెరా అద్దాన్ని వేలితో తడిమింది. "నాన్నా, దీనికి నూనె ఎవరు రాశారు?"

తాత గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థన నూనేలేమ్మా. గుమ్మానికి రాస్తూ, వచ్చేవాళ్లను ముందు చూసేది అదే గదాని దానికీ రోజూ కాస్త రాస్తన్నా."

"గ్రాండ్! బావుంది నాన్నా," అని నవ్వుతూ ఆమె చున్నీతో తుడిచింది. బొమ్మ తేటపడింది. ముక్కు మీదా బుగ్గల మీదా మాస్కు ఒరుసుకున్న ఎర్రటి గాట్లు కనిపించాయి.

మర్నాడు క్యారేజీ పక్కన, గుంటూరు నుంచి మూడు లుంగీల్లో చుట్టి తెచ్చుకున్న ఆ నూనె సీసా ఉంది. ఫెబి కెమెరా ముందు నిలబడి బుగ్గలకు రాసుకునేదాకా తాత ఫోన్ పెట్టెయ్యలేదు.