డ్రోను దిగే చోట కుర్చీలు

మా కోడలు డ్రోను పైలట్. నాది ఊరిబడి చదువు. అయినా నీటి సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్నయ్యాను, మా ఊరికి రోడ్డు వేయించాను, ఈ కోడల్ని ఏరికోరి తెచ్చిందీ నేనే. కాలువలు, గనులు, రైలు దారులు ఆమె పైనుంచి కొలిచినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. క్వారీ సంగతి ఒక్కటే చెబుతాను.

కొండ ఎంత తవ్వారో డ్రోనుతో ఫొటోలు తీసి లెక్కగట్టాలి. చూస్తానని నేనూ వెంట వెళ్లాను. క్వారీలో చదునైన జాగా ఒక్కటే ఉంది. డ్రోనును అక్కణ్నుంచే ఎగరేసింది.

"సిగ్నల్ తెగిపోతే ఇది ఎగిరిన చోటికే వచ్చి దిగుతుంది. ఇటు ఎవర్నీ రానివ్వకండి" అని కంట్రాక్టరుకు చెప్పింది. అతను ఫోనులో మాట్లాడుతూనే తలూపాడు. కొండ అవతల కూడా కనబడాలని ఆమె రిమోటుతో గట్టెక్కింది. వెనకే నేను. ఇద్దరం డ్రోను వైపే చూస్తున్నాం.

అది కొండ మలుపు దాటింది. రిమోటు కీచుమంది. తెర మీద బొమ్మ నిలిచిపోయింది.

"ఏమైందమ్మా?"

"సిగ్నల్ పోయింది మామయ్యా. ఫర్వాలేదు, అదే వెనక్కొస్తుంది" అంటూ కిందికి చూసిన మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఎగరేసిన చోట నీలం డేరా లేచింది. దాని కింద కుర్చీలు, మనుషులు.

"మామయ్యా, పరుగెత్తండి! అందర్నీ లేపండి! ఆ రెక్కలు తగిలితే మెడలు తెగుతాయి!"

ఈ వయసులో ఆ గట్టు ఎలా దిగానో నాకే తెలియదు.

"మా అమ్మ క్వారీ చూస్తానంటే నీడ వేయించాను. బొమ్మ విమానానికి ఇంత గోలేంటి పెద్దాయనా?" అన్నాడు కంట్రాక్టరు.

"నెత్తిన పడితే గోడకెక్కేది నీ బొమ్మేరా బాబూ! లెండి, లెండి!"

పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. ముందు కుర్చీలో కంట్రాక్టరు తల్లి మిగిలిపోయింది. మోకాళ్లు పట్టేసిన మనిషి. భారీ శరీరం.

"నన్ను మోయడానికి నలుగురు రావాలి నాయనా. ఆ వేళింకా రాలేదు" అని నవ్విందావిడ.

నాకు నవ్వు రాలేదు. తేనెపట్టు కదిలినట్టు పైన మోత మొదలైంది. అప్పుడుగాని కంట్రాక్టరు గుండె జారలేదు. ఇద్దరం చెరోవైపు కుర్చీ పట్టుకుని ఎత్తబోయాం. కుర్చీ కాళ్లు మెత్తటి దుమ్ములో దిగబడ్డాయి తప్ప అంగుళం కదల్లేదు. మోత నేరుగా మా తలల మీదికి దిగుతోంది. డేరా గుడ్డ తపతపా కొట్టుకుంటోంది. కంట్రాక్టరు తన తల్లి మీదికి వంగి అడ్డం పడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"వచ్చింది! సిగ్నల్ వచ్చింది!" గట్టు మీంచి కోడలి కేక.

మోత ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. కళ్లు తెరిచేసరికి డ్రోను కంకర గుట్టకు కొట్టుకుని ముక్కలై పడుంది. విరిగిన రెక్క ఒకటి డేరా గుడ్డను చీల్చుకుని గుంజకు గుచ్చుకుంది.

కోడలు గట్టు దిగి వచ్చింది. కంట్రాక్టరు ఆమె దగ్గరికెళ్లి గొంతు తగ్గించాడు. "అమ్మా, గాలికి కొట్టుకుపోయిందని చెప్పండి. ఈ డేరా ఊసు మనకెందుకు?"

"ఊసెత్తకపోతే రేపు ఇంకోచోట ఇంకెవరో వేస్తారు" అని ఆమె అతని ముందే ఆఫీసుకు ఫోను కలిపింది. "గాలి కాదు సార్. దిగే చోట మనుషులున్నారు, నేనే తిప్పి గుట్టకు కొట్టాను. అక్కడ కాపలా మనిషిని పెట్టకుండా వదిలేసింది కూడా నేనే."

విచారణ తేలేదాకా ఏదీ ఎగరేయొద్దన్నారు. లైసెన్సు ఉంటుందో పోతుందో ఇప్పటికీ తెలియదు.

తిరుగు దారిలో జీపు ఆపించి, రోడ్డు పక్కన కూర్చుండిపోయింది.

"లైసెన్సు గురించేనా తల్లీ?"

"కాదు మామయ్యా. ఆ సిగ్నల్ ఇంకాస్త ఆలస్యమైతే?"

పంచాయితీల్లో ఎదుటివాడికి మాట మిగల్చని మనిషిని నేను. మంచినీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాను.