బుల్లయ్య తెచ్చిన అమెరికా నోటు

సత్తెనపల్లిలో భూగోళం చెప్పి రిటైరైన కనకలక్ష్మి టీచరు పాత నోటు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, తెల్లగుడ్డతో పొడిగా తుడుచుకుంటారు. నోటును అంచుల దగ్గరే పట్టుకుంటారు. భూతద్దం దించేదాకా ఎవరు పలకరించినా పలకరు. దేశదేశాల నోట్లకే జీతమంతా తగలేసిందని బంధువులు నవ్వితే, ఆవిడా నవ్వేస్తారు.

మొన్న కార్తీకంలో మిరప రైతు బుల్లయ్య ఒక అమెరికా నోటు తెచ్చాడు. ఓ అమెరికా డాక్టరు దగ్గర బండి తోలిన ముత్తాత పెట్టెలో దొరికిందట. వెంట వచ్చిన పాతసామాన్ల వ్యాపారి తొందరపెట్టాడు. "బ్యాంకు పేరున్న డాలరు ఎక్కడైనా ఉంటుందాండీ? చెల్లదు. అయినా పదివేలిస్తానంటున్నా. పొలంలో కాలిపోయిన నీళ్ల మోటారు బాగుచేయించుకుంటాడు."

టీచరు నోటు మీది గోధుమరంగు ముద్ర చూసి, దాని మీది బ్యాంకు నంబరును అరుదైన నోట్ల వివరాలు రాసుకున్న తన పుస్తకంలో వెతికారు.

"అమ్మకు బుల్లయ్యా. అప్పట్లో అక్కడ చిన్న ఊళ్ల బ్యాంకులూ తమ పేరుతో నోట్లు వేసేవి. ఈ బ్యాంకువి ఇప్పటిదాకా రెండే బయటపడ్డాయి. ఇది మూడోది. ఆరు లక్షలకు తగ్గదు. మోటారుకి పదివేలు నేనిస్తా."

వ్యాపారి పకపకా నవ్వాడు. బుల్లయ్య మాత్రం నోటు ఆవిడ చేతిలోనే ఉంచాడు.

నాలుగు నెలలకు అది వేలంలో ఆరు లక్షల నలభై వేలు పలికింది. "టీచరుగారూ, గెలిచామండీ!" అని బుల్లయ్య ఫోన్లో అరిచాడు. కనకలక్ష్మి టీచరు గబగబా వీధిలోకొచ్చి, ఇరుగుపొరుగును పేరుపేరునా పిలిచి, "నేను చెప్పిందే నిజమైందర్రా!" అని చప్పట్లు కొట్టారు.