మరియమ్మ చప్పిడి కూడు

రజాకార్ల భయం తగ్గాకే, కీళ్ల వాపుతో మంచం పట్టిన మా ఏడేళ్ల మరియమ్మను మెదక్ దవాఖానకు తీసుకెళ్లగలిగాం. జబ్బు మూత్రపిండాలకూ పాకిందని, ఉప్పు ముట్టనివ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది.

ఈ ఉదయం పిల్ల మొహం మళ్లీ ఉబ్బింది. పక్కింటి బాలవ్వే చాటుగా మామిడి తొక్కు పెట్టిందని, వీధిలో అందరూ వింటుండగా ఆమెను నానా మాటలన్నాను. లోపలి నుంచి మరియమ్మ ఏడుస్తూ అరిచింది.

“బాలవ్వను తిట్టకు నాయినా. నువ్వు తిని లేచినంక నీ పళ్లెంల తొక్కు నేనే నాకిన.”

రోజూ పిల్ల ఎదుటే కూర్చుని తినేవాణ్ని. సాయంత్రం వెళ్లి బాలవ్వకు తప్పయిందన్నాను.

“నాకు కాదు కొడుకా, పిల్లకు చెప్పు. ఇయ్యాల్టి సంది నువ్వు గూడ సప్పిడి కూడే తిను.”

ఇప్పుడే తిన్నాను. రెండో ముద్ద దిగలేదు. పిల్ల రోజూ తినేది ఇదేనని ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో మీరే చెప్పండి.