దస్తీ వేసిన కుర్చీ

ఆ రోజుల్లో నా నడుము వంగేది కాదు. మా తాతగారి కాలంలో బూర్గంపాడు చుట్టుపక్కల మా మాటకు ఎదురుండేది కాదట. నేను పుట్టేసరికి పొలాలు పోయాయి, పాలేళ్ళు పోయారు, ఆ మాటా పోయింది. నిటారుగా నడవడం ఒక్కటే నా వాటాకు వచ్చింది. దానితోపాటు ఇంకో అలవాటు. మా ఇంట్లో మగవాళ్ళు తలుపు తీసుకుని వెళ్ళేవారే కానీ, వెనక్కి తిరిగి వేసేవారు కాదు (వేయడానికి మనుషులుండేవారు). ఆ మనుషులు పోయాక కూడా మేము వేయడం నేర్చుకోలేదు. ఊళ్ళో కోళ్ళన్నీ మా పడమటింట్లోనే గుడ్లు పెట్టేవి.

ఇలాంటి నాకు భద్రాచలంలోని ఒక నర్సింగ్ స్కూల్లో గుమాస్తా ఉద్యోగం దొరికింది. స్కూలు వెబ్‌సైట్ చూసే బాధ్యత కూడా నాదే. అప్పుడే సైట్‌కు చోటిచ్చే హోస్టింగ్ కంపెనీవాళ్ళు సింగిల్ సైన్ ఆన్ అని కొత్త పద్ధతి పెట్టారు. ఆఫీసు మెయిల్లోకి ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టి వెళితే చాలు, సైట్‌ను నడిపే డాష్‌బోర్డు కూడా మళ్ళీ ఏమీ అడక్కుండా తెరుచుకునేది. ఒక్క తాళానికే ఇల్లంతా తెరుచుకోవడం నాకు బాగా నచ్చింది. పని అయ్యాక మూయాలన్న రెండో సగం నా బుర్రకు ఎక్కలేదు.

ఆ రోజు కొత్తగా చేరే నలభై మంది అమ్మాయిల జాబితా సైట్‌లో పెట్టాలి. సాయంత్రం అయిదులోపు పేర్లు కనబడకపోతే సీట్లు వేరే చోటికి పోతాయి. నా ఉద్యోగం సంగతి సరే, అడవి పల్లెల నుంచి వచ్చిన తండ్రులు పొద్దుటి నుంచీ స్కూలు గేటు దగ్గర కూర్చుని ఉన్నారు. రాత్రి గాలివానకు స్కూల్లో ఇంటర్‌నెట్ తెగిపోయింది. ప్రిన్సిపాల్ సిస్టర్ గారే నన్ను పక్క వీధిలోని నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళి, నన్ను అటు తిరగమని, పాస్‌వర్డ్ కొట్టి, "పనయినంక సైన్ అవుట్ చెయ్యి. నేను లేకుండ మళ్ళ తెరుచుకోదు" అని చెప్పి కొత్తగూడెం మీటింగ్‌కు వెళ్ళిపోయారు. అక్కడికి వెళితే ఆవిడ ఫోన్ ఆపేస్తారు.

ముప్పై ఏడు పేర్లు ఎక్కించేసరికి ఒంటిగంట అయింది. ఒంటిగంటకు భోజనం మా వంశాచారం. హోటల్ బెంచీ మీద నలుగురి మధ్య కూర్చుని తినడం మా వంశంలో లేదు. కాబట్టి లేచి, గోదావరి వంతెన దాటి, బూర్గంపాడు బస్సెక్కాను. కంప్యూటర్ అలాగే ఉంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో పచ్చిపులుసు కలుపుకుంటుండగా ఫోన్ మోగింది. నెట్ సెంటర్ నడిపే అక్క. సారపాక ఆవిడ, నన్ను దొరా అని పిలిచేది (మర్యాదకో వెక్కిరింపుకో ఆ రోజు దాకా తెలియలేదు).

"దొరా, యాడున్నరు? మీ సిస్టర్ మెయిల్ గిట్ల బార్లా తెరిచిపెట్టి పోయిన్రేంది?"

"మూసెయ్" అన్నాను, ఇంకా ముద్ద నోట్లో ఉండగానే.

"మూస్తే మీరు కొట్టిన పేర్లు ఉంటయా? సేవ్ చేసిన్రా?"

నేను ముద్ద మింగాను.

"చెయ్యలే. నాకెర్కే."

"అయితే ఆ సేవ్ ఏదో నువ్వే నొక్కు."

"నేనెందుకు నొక్కుత? రేపొక పేరు అటూ ఇటూ అయితే నా మీదికొస్తది. జల్దీ రాన్రి. పది నిమిషాలకోసారి ఇది 'ఉన్నరా, లేరా' అని అడుగుతాంది, చెప్పకుంటే మూసుకపోతదట."

"నువ్వేమన్నావు?"

"ఉన్నరనే చెప్తున్న. ఏం చెయ్యాలె మరి?"

చెయ్యి కడుక్కుని పరుగెత్తాను. బస్సు లేదు. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు దొరికింది. సగం నేను ఆటోలో, సగం రోడ్డు మీద. మా వంశంలో అంతవరకు ఎవరి నడుమూ అంతగా వంగి ఉండదు. ఆటో సారపాకలో వెదురు లారీల వెనక ఆగినప్పుడల్లా, గేటు దగ్గర కూర్చున్న ఆ తండ్రులే కళ్ళముందు కనబడ్డారు.

నేను చేరేసరికి మూడున్నర. సెంటర్ నిండా కుర్రాళ్ళు, నిలబడి కొందరు. నా కుర్చీ మాత్రం ఖాళీ. దాని మీద, బస్సులో సీటుకు వేసినట్టు, అక్క పూల దస్తీ. ఆవిడ పక్క స్టూలు మీద కూర్చుని, ఒక చెయ్యి మౌస్ మీద పెట్టుకుని ఉంది. మూత తీయని టిఫిన్ డబ్బా ఒళ్ళోనే ఉంది.

"అక్కా, ఆ సిస్టం ఖాళీనే గదా?" అంటున్నాడొక కుర్రాడు.

"యాడ ఖాళీ? దొర కూసున్నడు, కనబడ్తలేదా?" అంటోంది ఆవిడ, ఖాళీ కుర్చీని చూపిస్తూ.

దస్తీ తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. ముప్పై ఏడు పేర్లూ భద్రంగా ఉన్నాయి. మిగిలిన మూడు కొట్టి, సేవ్ నొక్కి, జాబితా సైట్‌లో కనబడేదాకా ఇద్దరం తెర మీదికే వంగి చూశాం. నాలుగు కూడా కాలేదు. అక్క ఒక కాగితం ప్రింట్ తీసి, "ఇది గేటుకు అంటిస్త. అందరికీ నెట్ల చూసుడు రాదు" అని, డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "సైన్ అవుట్!" అని కేక వేసింది. కుర్రాళ్ళంతా నవ్వారు. నేను బుద్ధిగా నొక్కాను. ఆవిడకు కృతజ్ఞతలు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేక, వీధిలో ఆవిడ ఎదురైనప్పుడు "ఊఁ, బాగుంది" అని మాత్రం అనగలిగాను.

మర్నాడు సిస్టర్ గారికి జరిగిందంతా చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ మాత్రం, "ఇట్ల ఒక్కరి పాస్‌వర్డ్‌తోని నడవదు. నీకొక లాగిన్, నువ్వు లేనప్పుడు చూసెటందుకు ఇంకొకరికొకటి తీసుకుందం. ఎవరి పేరు రాద్దం?" అన్నారు. నెట్ సెంటర్ అక్క పేరు చెప్పాను. హోస్టింగ్ కంపెనీకి పంపే ఫారంలో, ఈమెను నమ్మవచ్చని హామీ ఇచ్చేవారి పేరు రాయడానికి ఒక చిన్న గడి ఉంది. అందులో నేను ఇంటిపేరు, తాతగారి పేరు, మా వాళ్ళకు ఎప్పుడో ఎవరో ఇచ్చిన బిరుదుతో సహా నా పేరంతా రాశాను. గడి చాలక అక్షరాలు అంచుదాకా పాకాయి.

సంతకానికి సెంటర్‌కు తీసుకెళితే, అక్క ఆ కాగితం చూసి, "అబ్బో, గింత పొడుగు పేరా దొరా మీది?" అంది. "అవ్" అన్నాను, నిటారుగా నిలబడి. ఇప్పుడు తలచుకుంటే నాలోని అప్పటి కుర్రవాడి మీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఒక్క చిన్న మాట నోటితో అనలేక, పాపం, వంశమంతటినీ పిలుచుకొచ్చి ఆ గడిలో నిలబెట్టాడు. ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది. ఆ కాగితం చదివి, నవ్వుతూ, డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి నా చేతిలో పెట్టింది. అక్కడే నలుగురి మధ్య, సెంటర్ బెంచీ మీద కూర్చునే తిన్నాను.