తయారీలో ఉన్న స్పేర్

నాన్న ఆపరేషన్ రెండోసారి కూడా వాయిదా పడిందని అమ్మ నాకు ఫోన్లో చెప్పింది. అదీ ఎలా, ఉల్లిపాయలు తరుగుతూ, పక్కింటివాళ్ళ కూలర్ చెడిపోయిందని చెప్పిన గొంతుతోనే. మొదటి వాయిదాకి రక్తం తక్కువుందని కారణం చెప్పారు, నమ్మాను. ఈసారి డాక్టరు సెలవులో ఉన్నాడేమో అనుకున్నాను.

"డాక్టరుగారు బాగానే ఉన్నారు. రెండుసార్లూ మీ నాన్నే వద్దన్నారు. నువ్వు అదేదో తయారు చేస్తన్నావు కదా, అది వచ్చీదాకా ఆగుదాం అంటన్నారు. నేనేటి చెప్తాను, మీ ఇద్దరూ తెలివైనోళ్ళు" అంది అమ్మ.

మర్నాడే ముంబయిలో రైలెక్కాను. దారి పొడుగునా నాన్న మీద కోపం. దుర్గ్‌లో దిగేసరికి ఆ కోపమంతా నా మీదకే తిరిగింది, ఎందుకంటే తప్పు నాదే.

నేను పనిచేసేది క్యాన్సర్ ప్రయోగశాలలో. మనిషి రక్తంలో రోగాలతో పోరాడే టి కణాలుంటాయి. వాటిని బయటికి తీసి, జన్యువుల్లో మార్పు చేసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ఒక కొక్కెం లాంటిది తగిలించి, పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. కొన్ని రక్త క్యాన్సర్లలో ఈ వైద్యం బాగా పనిచేస్తోంది. పేగులోనో కాలేయంలోనో గడ్డకట్టి కూర్చున్న క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి అవే కణాలు నీరుగారిపోతాయి. ఎందుకలా అవుతోంది, వాటిని ఎలా బాగుచేయాలి అన్నదే మా బృందం పని. నాన్నకి పెద్దపేగులో దొరికింది ఆ రకం గడ్డే. ఇంకా ఎక్కడికీ పాకలేదు, ఇప్పుడు కోసి తీసేస్తే మంచిది, ఆలస్యం చేస్తే పాకొచ్చు అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు.

"పని ఎలగుందమ్మా" అని నాన్న ప్రతి ఆదివారం ఫోన్లో అడిగేవాడు. "ఫస్ట్ క్లాస్" అని నేను కోతలు కోసేదాన్ని. గాజు పళ్ళెంలో మా కణాలు క్యాన్సర్‌ని చీల్చి చెండాడాయని చెప్పాను. ఎలుకలో గడ్డ అంచుదాకా వెళ్ళి చతికిలబడ్డాయని మాత్రం చెప్పలేదు. కన్నతండ్రి దగ్గర గొప్పలు పోకపోతే ఇంకెవరి దగ్గర పోతాం.

వైశాలి నగర్‌లో ఇల్లు చేరేసరికి నాన్న వరండాలో ఆ పక్కింటి కూలర్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో, అంటే యంత్రాల విడిభాగాలు చేసే చోట, లేత్ మీద జీవితమంతా గడిపి రిటైరైన మనిషి, చేతులు ఊరుకోవు.

"ఏటే, చెప్పకుండా వచ్చీసేవు" అని నా సంచీకేసి చూశాడు. "ఐసు డబ్బా ఏదీ తేలేదేటి?"

ఆ కణాల్ని తెస్తే ఐసులో పెట్టి తేవాలని కూడా తెలుసుకుని ఉన్నాడు.

స్నానం చేసి వచ్చేసరికి అటుకుల పోహా ప్లేటు పక్కన ఆయన డైరీ కనిపించింది. ఇంట్లో చెడిపోయిన ప్రతిదాన్నీ షాపు లాగ్‌బుక్కులో రాసినట్టే ఇంకా రాసుకుంటాడు. ఆ నెల పేజీలో అమ్మ మిక్సీ కింద ఇలా ఉంది: "జాబ్: కడుపులో గడ్డ. షట్‌డౌన్: వాయిదా. కారణం: స్పేర్ తయారీలో ఉంది."

ముందు నవ్వొచ్చింది. షట్‌డౌన్ అంటే ఆయన ఆపరేషన్, స్పేర్ అంటే నా కణాలు అని తోచగానే ఆ నవ్వు పోయింది.

వరండాలోకి వెళ్ళి, "నాన్నా, ఆ స్పేర్ రాదు" అన్నాను.

"లేటవుతాదా?"

"ఏళ్ళు పడుతుంది. అసలు వస్తుందో రాదో కూడా తెలీదు. ఫోన్లో నీకు చెప్పినవి సగం కోతలే."

తిడతాడనుకున్నాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "ఎక్కడ ఫెయిలవుతందో చెప్పు" అన్నాడు.

చెప్పాను. గడ్డలోకి దూరడానికే దారి సరిగ్గా దొరకదు. దూరినా అన్ని క్యాన్సర్ కణాల మీదా ఒకే గుర్తు ఉండదు, గుర్తు లేనివి తప్పించుకుంటాయి. లోపల ఆక్సిజన్ తక్కువ, తిండి తక్కువ, పైగా గడ్డే వీటిని జోకొడుతుంది. పోరాడి పోరాడి చివరికి అలిసిపోతాయి.

"అలిసిపోతే చచ్చిపోతాయా?"

"కొన్ని బతికే ఉంటాయి. పనిచెయ్యవు."

"ఆకరి ఏడు నేనూ అలగే ఉండీవోణ్ణి" అన్నాడు. "మరి మనుషుల్ని మార్చరా? ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర వేడిలో రిపేరుకెల్తే ఒకడు కొంచెంసేపే ఉంటాడు. బయటకొచ్చి మజ్జిగ తాగి కూర్చుంటాడు, ఇంకొకడు ఎల్తాడు. మీరు పాపం ఆటిని ఒకటే తోముడు తోముతన్నారు" అన్నాడు.

"ఆ ఆలోచన వేరేవాళ్ళకి ఎప్పుడో వచ్చింది నాన్నా. కొక్కేన్ని కొన్నాళ్ళు ఆపి, విశ్రాంతి ఇచ్చి మళ్ళీ దింపితే కొంతవరకు కోలుకుంటున్నాయి. మేమూ ఇప్పుడు అదే చేసి చూస్తున్నాం."

"అచ్ఛా. అయితే నా లైను కరెక్టే" అని మీసం దువ్వుకున్నాడు.

కడుపులో గడ్డ పెట్టుకుని ఈయన నా పని బాగుచేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కణాల సంగతి వదిలెయ్. ఆపరేషన్ అంటే భయమైతే భయమని చెప్పు."

"భయమేటి. కోస్తారు, కుడతారు."

"మరి ఎందుకు ఆగావు? నేను చేసేది నిన్ను బాగుచేస్తుందని అంత నమ్మకమా?"

నాన్న మోటారులోంచి తీసిన బుష్‌ని గుడ్డతో తుడిచాడు.

"నమ్మకమని కాదే. షాపులో ఒక పద్ధతుండీది. మన మనిషి ఒక పార్టు చేస్తన్నాడంటే, అది అయ్యీదాకా బయట నుంచి తెప్పించీవోళ్ళం కాదు. ఆడు చేస్తండగానే బయటది బిగించీసేమనుకో, ఆడి మొకం ఏటవ్వాలి? మర్నాడు లేత్ దగ్గర ఎలగ నిలబడతాడు? నువ్వు ఇన్నేళ్ళుగా దాని మీదే ఉన్నావు. నీ బాబే ఎల్లి కోయించీసుకున్నాడంటే, మీ షాపులో నిన్నేటనుకుంటారు?"

నా వైద్యం మీద ఆశతో ఆగాడనుకున్నాను. ఆయన ఆగింది నలుగురిలో నా మొహం చిన్నబోకూడదని. లోపల అది పెరుగుతుందని తెలిసే ఆగాడు. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. అమ్మ గుమ్మందాకా వచ్చి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"మా షాపులో ఎవర్నడిగినా ఆపరేషన్ చేయించుకోమనే అంటారు నాన్నా" అన్నాను కళ్ళు తుడుచుకుని. "కోసి తీయగలిగినదాన్ని ముందు కోసి తీయాలి. నేను చేసేది అలా కుదరనివాళ్ళ కోసం. నువ్వు వెళ్ళు. నేనే చెప్తున్నాను, వెళ్ళు."

"అలగని ముందే చెప్పొద్దా? అడిగితే ఫస్ట్ క్లాస్ అంటావు."

ఈనాటికీ ఆ మాట పట్టుకుని నన్ను దెప్పుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కొత్త తేదీ రాస్తూ, రెండుసార్లు వద్దన్న పెద్దమనిషి ఇప్పుడెలా ఒప్పుకున్నారని హిందీలో అడిగాడు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని, నా వైపు చెయ్యి చూపించాడు.

"బేటీ నే పర్మిషన్ దే దియా, సాబ్."

కూతురు పర్మిషన్ ఇచ్చిందనగానే డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. 'వెళ్ళు' అన్న ఒక్క మాట నా నోటి నుంచి రావాలని ఆయన నెలన్నర పాటు కాచుకుని ఉన్నాడు.