సాబేరా మేడమ్ చెరపని తప్పులు

స్పిరిట్‌తో తుడిచిన రబ్బరు బొమ్మ వాసన తగిలితే చాలు, నాకు సాబేరా మేడమ్ గుర్తుకొస్తారు. ఇవాళ ఉదయం వికారాబాద్‌లోని మా నర్సింగ్ కళాశాలలో, అప్పుడే పుట్టిన శిశువంత బొమ్మను శిక్షణ గది బల్ల మీద పడుకోబెడుతుంటే ఆవిడే పక్కన నిలబడి నా చేతుల వంక చూస్తున్నట్టనిపించింది. ఇప్పుడు ఆ గదికి నేను ఇన్‌చార్జిని. నా చదువు రోజుల్లో ఆవిడ. తాండూరులో ఏళ్లతరబడి కాన్పుల వార్డులో పనిచేసి పాఠాలు చెప్పడానికి వచ్చారు. గట్టిగా నవ్వేవారు, అంతకంటే గట్టిగా కోప్పడేవారు.

ఆవిడ రాకముందు మా సాధనంతా రిజిస్టరులోనే జరిగేది. బొమ్మ చుట్టూ ఇరవై మందిమి మూగేవాళ్లం. ముందున్న ఇద్దరు చేసేవాళ్లు, అందరం సంతకాలు పెట్టేవాళ్లం. ఊపిరి తీసుకోని శిశువుకు మాస్కు పెట్టి, దానికున్న రబ్బరు సంచి నొక్కి గాలి ఎలా అందించాలో అడిగితే గడగడా చెప్పేదాన్ని. చేత్తో ఒక్కసారీ చేయలేదు. యాలాల్ నుంచి వచ్చిన బెదురు పిల్లను. ఎవరి కంటా పడకపోవడమే నాకు సుఖం. మేడమ్ వస్తూనే, కళాశాల కొని మూలన పడేసిన సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో తెరిపించి బొమ్మకు కలిపారు. ఎవరు ఎన్నిసార్లు చేశారు, గాలి ఎక్కడ తప్పించుకుంది, ఛాతీ లేచిందా లేదా, అన్నీ పేరుపేరునా అందులో చేరసాగాయి.

వారం తిరక్కుండానే నన్ను పిలిచి తెర చూపించారు. "నీ పేరు ముంగట సున్న ఉన్నది. సంతకాలు మాత్రం మస్తుగ పెట్టినవ్ గదా బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "అందరు గట్లనే పెడ్తరు మేడమ్."

"అందరి ముచ్చట నాకెందుకు? రేపు పొద్దున ఎనిమిదింటికి బొమ్మ నీ పేరు మీద రాసిన. రా."

వెళ్లాను. వరుసగా ఎనిమిదిసార్లు ఛాతీ లేవలేదంటూ తెర మీద ఎర్ర గీతే వచ్చింది. ఏడ్చాను. "ఎరుపు చూసి పరేషాన్ గాకు. గాలి యాడ పోతున్నదో అది చెప్తున్నది. బొటనవేలు జర కిందికి" అన్నారు. తొమ్మిదోసారి ఛాతీ లేచింది. తరగతిలో సగం మందికి గాలి గడ్డం దగ్గరే పోతోందని అదే తెర మీద గమనించి, ఆ పాఠం అందరికీ మళ్లీ మొదటినుంచి చెప్పారు.

కళాశాల గుర్తింపు కోసం జరిగే తనిఖీ దగ్గరపడింది. మా ముందే ప్రిన్సిపల్ సార్ మేడమ్‌తో, "ఈ ఫెయిళ్లన్నీ తీసేయండి. అందరూ మొదటిసారే పాసైనట్టు ఉండాలి" అన్నారు.

"దిద్దాల్సింది పిల్లల చేతులు సార్. రికార్డు నేను ముట్ట."

తనిఖీ రోజున ఆవిడను శిక్షణ గదిలోకి రానివ్వలేదు. బల్ల మీద పాత రిజిస్టరు పెట్టారు. కంప్యూటరు సంగతేమిటని తనిఖీకి వచ్చిన అధికారిణి అడిగితే, రిపేరులో ఉందన్నారు ప్రిన్సిపల్.

"రిపేర్ల లేదు మేడమ్" అన్న గొంతు నాదేనని తెలియడానికి క్షణం పట్టింది. ముందుకు నడిచి తెర తెరిచాను. నా ఎనిమిది ఎర్ర గీతలూ అందరి కళ్లబడ్డాయి.

"ఇవి నీవేనా?" అన్నారు అధికారిణి.

"నావే మేడమ్."

"ఇప్పుడు చేసి చూపించు."

చేశాను. ఛాతీ లేచింది. నా వెనకే ఒక్కొక్కరుగా మిగతా పిల్లలూ వచ్చారు. కళాశాలకు ఏమీ కాలేదు. మేడమ్‌ను మాత్రం నెల తిరక్కుండా హాస్టల్ పర్యవేక్షణకు మార్చారు. ఆవిడ రాజీనామా చేసి, ఏడుస్తున్న మాతో, "ఎందుకే ఫికర్? కాన్పుల వార్డుకు పోతున్న, జైలుకు గాదు" అంటూ తాండూరు వెళ్లిపోయారు.

చదువవగానే నేనూ అక్కడికే వెళ్లి ఆవిడ దగ్గర చేరాను. ఒక మధ్యాహ్నం బషీరాబాద్ నుంచి ఆటోలో వచ్చిన తల్లికి కాన్పయింది. బిడ్డలో చలనం లేదు, నీలంగా ఉంది. మాస్కు పెట్టి నొక్కాను. ఛాతీ లేవలేదు. వేలు సర్ది మళ్లీ నొక్కాను. లేచింది. కాసేపటికి బిడ్డ కెవ్వుమంది.

"మొదాల్ గాలి పోయిందా?" అన్నారు మేడమ్ మెల్లగా.

"పోయింది మేడమ్."

"అది గూడ కేస్ షీట్ల రాయి."

రాశాను.

కొన్నేళ్లకు నేను ఈ కళాశాలకే పాఠాలు చెప్పడానికి తిరిగొచ్చాను. మేడమ్ నిరుడు కన్నుమూశారు. పోయిన వారం కొత్త యాజమాన్యం మనిషొకరు నా గదికి వచ్చి, రికార్డుల్లో ఎరుపు ఎక్కువగా కనిపిస్తోందని, కాస్త సర్దమని అడిగారు. కుదరదన్నాను.

"మీ మేడమ్‌ను ఇక్కడినుంచి ఎలా పంపించారో తెలుసుగా?" అన్నారు.

"తెలుసు సార్. ఆమె చేతి కింద పనిచేసిన" అని చెప్పి, బయట ఎదురుచూస్తున్న పిల్లలను సాధనకు లోపలికి పిలిచాను.