ఆరో రీలు

శ్రావణ మాసం, ఆదివారం, పొద్దున పదకొండు ముప్పావు. నారాయణగూడలో ఒక సినిమా హాలు బాల్కనీలో, మూడో వరసలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. తొంభైల నడిమి సంగతి. అప్పటికి పన్నెండేళ్లుగా ఆ హాలు మెట్లు ఎక్కుతున్నాను గానీ, అక్కడి కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

నా పని రీళ్లు మోయడం. పొద్దుటాటకు చిక్కడపల్లి హాలుకూ నారాయణగూడ హాలుకూ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. చిక్కడపల్లిలో ఆట ముప్పావుగంట ముందు మొదలు. అక్కడ మొదట ఒక రీలు, ఆ తర్వాత రెండేసి రీళ్లు ఆడగానే ఆ డబ్బాలు సైకిలుకు కట్టుకుని ఇక్కడికి తెచ్చేవాణ్ని. ఇచ్చి మళ్లీ అటు. ఆట అయిపోయేదాకా ఇదే తిరుగుడు.

ఏడాదికోసారి తప్పకుండా వచ్చే ఇంగ్లీషు సినిమా ఒకటుండేది. పాత గోరీలు, కూలిన కోటలు తవ్వే కాలేజీ పంతులు కథ. ఎంత పాతదైనా సరే, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి పరీక్షలకు చదువుకునేవాళ్లు సగం హాలు నింపేవారు. ఫైటింగుల కోసమని కొందరంటారు, గుర్రాల కోసమని కొందరంటారు. అదంతా ఒట్టిది. ముషీరాబాద్ రోడ్డు మీద నల్లా పైపుకు గుంత తవ్వుతుంటే చూడండి, ఆఫీసుకు ఆలస్యమైనవాడు కూడా స్కూటరాపి తొంగిచూస్తాడు. లోపల పైపే ఉంటుందని తెలుసు. అయినా చూస్తాడు. తవ్వేవాణ్ని వదిలి ముందుకు పోవడం మనిషి వల్ల కాదు. ఆ సినిమా బలమంతా అక్కడే ఉంది.

నేను మాత్రం దాన్ని ముక్కలుగానే చూశాను. క్యాబిన్ కిటికీలోంచి, సైకిలు తాళం చేతిలో పట్టుకుని, ఐదు నిమిషాలు ఒకసారి, పది నిమిషాలు ఒకసారి. ఆరో రీలైతే ఒక్కనాడూ చూడలేదు. అది ఎక్కడ ఆడినా ఆ వేళకు నేను రోడ్డు మీదే ఉండేవాణ్ని. సమాధికి దారి దొరికేది అందులోనే. ఎట్లా దొరుకుతుందని అడిగితే ఆపరేటర్ నవ్వేవాడు. "అది చూడాలె అన్న, చెప్తే రాదు."

ఆ ఏడే నాకు అక్షరాలు వచ్చాయి. యాభై దాటాక. మా ఇంటి మీది గదిలో కిరాయికుండి సర్కారు పరీక్షలకు చదువుతున్న, ఊరి నుంచి వచ్చిన అమ్మాయి నేర్పింది. నేను తెచ్చే పాత పోస్టర్ల వెనక తెల్లకాగితం మీద రాసి, వేలు పెట్టి చదివించేది. "ఉరుకకు కాకా. తప్పు పోతే మళ్లీ మొదటికి రా." ఒకనాడు ఆమే అడిగింది. "మోసుడేనా, ఆ సినిమా ఎన్నడన్న మొత్తం చూసినవా?"

ఆ మాట గుచ్చుకుంది. మేనేజర్ దగ్గరికి పోయి, ఆదివారం మొయ్యను, టికెట్టు కొని కూర్చుంటానన్నాను.

"నువ్వు కూసుంటే రీళ్లు నడుచుకుంట వస్తయా?"

"ఆపరేటర్ బామ్మర్ది తెస్తడు. డిగ్రీ దాక చదివిండు."

ఐదు రీళ్లు బాగానే నడిచాయి. తర్వాత చూస్తే పంతులు ఉన్నట్టుండి సమాధి లోపల దీపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింది నుంచి ఎవరో అరిచారు. "అరె, దారే దొరకలే, లోపలికెట్ల పోయిండు?" ఈలలు, కుర్చీల చప్పుడు. లైట్లు వెలిగాయి.

నేను క్యాబిన్‌కు పోయేసరికి బామ్మర్ది డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాడు. "మూత మీద ఆరనే ఉన్నది బావా! నాకు చదువు రాదా ఏంది?"

డబ్బా చూడగానే నాకు అర్థమైంది. అంచు నొక్కుకుపోయిన డబ్బా ఏడోది. పన్నెండేళ్లు నేను డబ్బాలను సొట్టలతోనే గుర్తుపట్టి వరసగా అందించాను. చదువు వచ్చాక కూడా నా చెయ్యి సొట్టలనే తడిమింది. మూతలు ఏది దొరికితే అది పెట్టి కట్టేవాణ్ని, ముందు రోజు కూడా అంతే. వాడు చదువుకున్నవాడు కాబట్టి మూతను నమ్మాడు.

"తప్పు నాది. మూతలు మార్చింది నేనే," అన్నాను.

"ఎవని తప్పయితే ఏంది?" మేనేజర్ మెట్లెక్కి వచ్చాడు. "ఏడు ఎక్కింది గద, గట్లనే నడిపియ్యి. ఆరు లేకుంటే ఎవడు సస్తడు? మ్యాట్నీ లేటయితది."

నేను క్యాబిన్ తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాను. "నేనే సస్త సార్. పన్నెండేండ్లు మోసిన. ఆరు ఆడనిదే ఈడికెల్లి కదల."

ఆపరేటర్ కిటికీలోంచి కిందికి చూశాడు. "సార్, రీలు అగ్గువనా, కుర్చీలు అగ్గువనా? ఆడ ఇరుగుతున్నయి."

మేనేజర్ ఏమన్న చేసుకోన్రి అన్నట్టు చెయ్యి ఊపి, నేను తలుపు వదలగానే దిగిపోయాడు. నేను బామ్మర్ది తెచ్చిన రెండో డబ్బా విప్పి, రీలు మొదట్లో అతికించిన చీటీ మీద వేలు పెట్టి చదివాను. ఆరవ రీలు. ఇంకోసారి చదివి ఆపరేటర్ చేతికిచ్చాను.

వచ్చి మా ఇంటామెకూ ఆ అమ్మాయికీ నడుమ కూర్చున్నాను. తెర మీద పంతులు ఒక రాతి ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. అంత చదువుకున్నవాడు, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. తప్పు పోయింది. మళ్లీ మొదటికి వచ్చాడు.

"నీ లెక్కనే ఉన్నడు గద," అంది మా ఇంటామె.

"ఊకో, చూడనీ," అన్నాను.

ఆట అయ్యాక మూతలన్నీ చదివి సరిగ్గా పెట్టాను. సోమవారం నుంచి మళ్లీ నేనే మోశాను, ఈసారి మూత చదివి.

పేర్లు రాయను, వాళ్లకు తెలుసు. ఆ రోజు అక్కడున్నది: రీలు ఎక్కించిన ఆపరేటర్, మూతను నమ్మిన అతని బామ్మర్ది, మ్యాట్నీకి భయపడ్డ మేనేజర్, నాకు కుడిపక్క అక్షరాలు నేర్పిన అమ్మాయి, ఎడమపక్క పుట్నాలు నములుతూ మా ఇంటామె, దారి దొరకలేదని కింది నుంచి అరిచిన ఆ మహానుభావుడు, నేను.